ఆగి ఉన్న కారును గుద్ది పారిపోవడం

పార్క్ చేసి, లోపల ఎవరూ లేని కారును మరో వాహనం ఢీకొట్టి, దాన్ని నడిపినవారు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడం. దీనికి తెలుగు పత్రికలు ‘హిట్ అండ్ రన్’ అనే మాటనే వాడుతున్నాయి. జిల్లా పేజీల్లో కనిపించే ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ దాని పాత రూపం. ఈ రెండు మాటల్లో ఏది చదివినా కళ్లముందు మెదిలేది రోడ్డు మీద పడి ఉన్న మనిషే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 67,387 హిట్ అండ్ రన్ ప్రమాదాలు జరిగాయి, వాటిలో 30,486 మంది చనిపోయారు. కారు ఒక్కటే దెబ్బతిన్న సంఘటన ఆ లెక్క దాకా వెళ్లడం అరుదు. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరిన మనిషి వెనక బంపర్ మూల సొట్ట చూసి, వాచ్‌మన్‌ను పిలిచి ‘రాత్రి ఎవరొచ్చారు?’ అని అడుగుతాడు. అతను ‘తెల్వద్ సార్’ అంటాడు. చాలా కేసులు అక్కడే మూతపడతాయి.

ఇందులో వేగం పెద్దగా ఉండదు. రివర్స్ గేరులో వెనక్కి వస్తూనో, ఇరుకు సందులో ఎదురు బండికి దారిస్తూనో, సెల్లార్ ర్యాంపు మలుపులోనో తగిలించిన దెబ్బలే ఎక్కువ. కల్యాణమండపాల ముందు, బడి వదిలే వేళ గేటు దగ్గర, ఆసుపత్రుల పక్క సందుల్లో కార్లు ఆనించి పెట్టినట్టు ఉంటాయి. వేసవి వస్తే హైదరాబాద్ కాలనీల్లోకి నీళ్ల ట్యాంకర్లు వెనక్కి నడుచుకుంటూ వస్తాయి. క్లీనర్ కుర్రాడు వెనక నిలబడి ‘ఆనే దో, ఆనే దో’ అంటుంటాడు, అతని చూపంతా సంపు మూత మీదే ఉంటుంది. దెబ్బతినేవి కూడా దాదాపు ఎప్పుడూ అవే: బంపర్ మూలలు, సైడ్ మిర్రర్, వెనక లైటు, డోరు, ఫెండర్.

చట్టం ఎవరి వైపు చూస్తోంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని నాలుగు సెక్షన్లు ఈ విషయానికి సంబంధించినవి. 132వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం వల్ల నష్టపోయిన వ్యక్తి అడిగితే డ్రైవరు తన పేరు, చిరునామా, ఓనరు పేరు, చిరునామా చెప్పాలి. అడిగిన మనిషి కూడా తన వివరాలు ఇవ్వాలి. మెలిక ఇక్కడే ఉంది. అడగడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి. ఖాళీ కారు నోరు తెరిచి అడగలేదు కదా.

ఆ లోటును 134వ సెక్షన్ కొంత పూడుస్తుంది. మనిషికి గాయమైనా, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా, అక్కడ పోలీసు అధికారి లేకపోతే డ్రైవరు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పాలి. తన బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపాలి. అలా చేయకపోతే 187వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత అది మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఏడాది, రూ.10,000. పక్క ఫ్లాట్ కారుకు గీత పెట్టి మర్నాడు స్టేషన్‌కు వెళ్లి ‘నేనే చేశాను’ అని చెప్పినవారి గురించి ఎవరూ విని ఉండరు. కానీ ‘గీతే కదా, కేసేంటి’ అనే వాదనకు చట్టంలో చోటు లేదు. 133వ సెక్షన్ మరీ ఉపయోగకరం. బండి నంబరు దొరికాక, ఆ సమయంలో నడిపింది ఎవరో చెప్పాల్సిన బాధ్యత ఓనరుదే. ‘కారు నాదే, ఆ రోజు ఎవరు తీసుకెళ్లారో గుర్తులేదు’ అని పోలీసుల ముందు చేతులు దులుపుకోవడం కుదరదు.

భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు సంబంధించినది. అది వర్తించాలంటే బండి బహిరంగ మార్గంలో ఉండాలి, ఆ నడిపిన తీరు మనిషి ప్రాణానికి ముప్పుగానో గాయపరిచేదిగానో ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడక వేగంతో తగిలిన దెబ్బ ఈ రెండు షరతులకూ అందకపోవచ్చు. ఆస్తి ధ్వంసం గురించి చెప్పే 324వ సెక్షన్‌కు ఉద్దేశం గానీ, నష్టం జరుగుతుందన్న ఎరుక గానీ ఉండాలి. పార్కింగ్ గొడవలో పక్కింటాయన తాళంచెవితో డోరు పొడవునా గీస్తే ఆ సెక్షన్ వర్తిస్తుంది, పొరపాటున తగిలిస్తే వర్తించదు. ‘ఇది సివిల్ మేటర్, మీరూ మీరూ మాట్లాడుకోండి’ అని స్టేషన్‌లో వినిపించే మాటకు మూలం ఈ సందే. ఆ మాట సగమే నిజం. 134, 187 సెక్షన్లు ఎక్కడికీ పోలేదు.

ఇక ‘హిట్ అండ్ రన్ పరిహారం’ అనే మాట విని ఆశపడేవారుంటారు. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద, గుర్తు తెలియని వాహనం ఢీకొని చనిపోతే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50,000 ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఆ మొత్తాలు రూ.25,000, రూ.12,500 ఉండేవి. అందులో ఆస్తి నష్టానికి ఒక్క రూపాయి లేదు. 2024 జనవరి మొదట్లో దేశమంతా మార్మోగిన వివాదం కూడా మనుషుల ప్రాణాల గురించిందే. మనిషిని చంపి పారిపోతే పదేళ్ల వరకు శిక్ష విధించే న్యాయ సంహిత 106(2) సెక్షన్‌కు వ్యతిరేకంగా డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కనిపించాయి. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడొకడు గుర్రమెక్కి పార్సిల్ అందించిన వీడియో ఊరంతా తిరిగింది. 2024 జులై 1న కొత్త సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

కారు చెప్పే సాక్ష్యం

కారును కదపకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో 1910లో నేర పరిశోధనశాల నెలకొల్పిన ఎడ్మండ్ లోకార్డ్ పేరుతో ఒక సూత్రం ఉంది. రెండు వస్తువులు తాకితే ఒకదాని ఆనవాలు రెండోదాని మీద మిగులుతుంది. సెల్లార్‌లో దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కారు పెయింటులో అడుగున ప్రైమర్, దాని మీద రంగు, పైన మెరుపునిచ్చే పారదర్శక పూత ఉంటాయి. తెల్ల కారు మీద ఎర్ర చార కనిపిస్తే గోటితో మెల్లగా గీరి చూడాలి. గోరు ఎక్కడా తట్టుకోకుండా నున్నగా జారితే అది పై పూత మీద అంటుకున్న ఎదుటి బండి రంగు, రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది. గోరు గాడిలో పడితే మన రంగే లేచిపోయినట్టు. తుడిచే ముందు ఫోటో తీయాలి. ఆ ఎర్ర చారే ఏకైక సాక్షి కావచ్చు.

ఎత్తు కూడా మాట్లాడుతుంది. నేల నుంచి గీత దాకా టేపు పెట్టి, టేపు కనిపించేలా ఫోటో తీయాలి. స్కూటర్ హ్యాండిల్, చిన్న కారు బంపర్, ఎస్‌యూవీ బంపర్, ట్యాంకర్ వెనక దూలం తగిలే ఎత్తులు వేరు. అద్దం ముడుచుకుని ముందుకు వంగిందా, వెనక్కి వంగిందా అన్నదాన్ని బట్టి బండి ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. కింద పడిన లైటు ముక్కను ఊడ్చి పారేయకూడదు. లైట్ల మీద తయారీదారు గుర్తులు, పార్ట్ నంబర్లు అచ్చుపోసి ఉంటాయి. అరచేతంత ముక్క మీద నాలుగు అంకెలు దొరికినా, స్పేర్ పార్ట్స్ దుకాణంలో కూర్చునే మనిషి అది ఏ మోడల్‌దో చెప్పగలడు.

తర్వాత కెమెరాలు. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో పోలీసులు కాలనీల చేత కెమెరాలు పెట్టించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి వందమంది గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ల వంటి చోట్ల సీసీ కెమెరాలు ఉండాలి. ఫుటేజీని 30 రోజులు దాచి, ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. ఇల్లు, కిరాణా కొట్టు, చిన్న అపార్ట్‌మెంట్‌లకు ఆ నియమం లేదు. వాళ్ల కెమెరాల దృశ్యాలు దాచే డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే కొత్త దృశ్యం పాతదాని మీద పడిపోతుంది. అది వారంలో జరగవచ్చు, పదిహేను రోజుల్లో జరగవచ్చు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో మాట్లాడదాం అనుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ఫుటేజీ చూసేవారు ముందు డీవీఆర్ గడియారాన్ని చేతి గడియారంతో పోల్చి, తేడాను రాసిపెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చాక గడియారం తప్పిపోయి, ఏళ్ల తరబడి ఎవరూ సరిచేయని పెట్టెలు చాలా ఉన్నాయి. తగిలిన క్షణం ఒక్కటే చూస్తే చాలదు, ఆ బండి గేటు దాటిన కెమెరా కూడా చూడాలి. రాత్రిపూట నంబర్ ప్లేట్ తెల్ల ముద్దలా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్ వెలుతురును తిప్పికొడుతుంది. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ కాంతి దాని మీద పడి అంకెలను మింగేస్తుంది. వీధిదీపం కింద పట్టుబడిన దృశ్యంలో అదే ప్లేట్ స్పష్టంగా ఉండవచ్చు.

నంబరు సగమే గుర్తున్న సాక్షి చివరి నాలుగు అంకెలు చెబితే మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జిల్లా కోడ్‌లు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టాక, ‘ఏపీ 39 బండి సార్’ అనే మాట శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఎవరికైనా సరిపోతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. దాంతో బండి పాతదా కొత్తదా అన్న ఆచూకీ మాత్రం దొరుకుతుంది. ప్రభుత్వ ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే మోడల్ వంటివి తెలుస్తాయి. ఓనరు పేరులోని అక్షరాలు చుక్కల వెనక దాగుంటాయి. పూర్తి వివరాలు కావాలంటే పోలీసులే తీయాలి.

కారులోనే డ్యాష్‌క్యామ్ ఉన్నవారిలో చాలామందికి అది ఇంజిన్ ఆపగానే నిద్రపోతుందని తెలియదు. పార్కింగ్ మోడ్ పనిచేయాలంటే ఫ్యూజ్ బాక్స్ నుంచి విడిగా వైరు లాగాలి. కారు బ్యాటరీ ఒక స్థాయికి పడిపోతే ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. లేకపోతే ఊరెళ్లి వచ్చేసరికి సెల్ఫ్ తిరగదు. మన ఎండలకు లోపల బ్యాటరీ ఉన్న కెమెరా ఉబ్బిపోతుంది, కెపాసిటర్ ఉన్నది నయం.

స్టేషన్‌లో

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. తేదీ, చివరిసారి కారు బాగున్నట్టు చూసిన సమయం, దెబ్బ చూసిన సమయం, చోటు, దొరికిన నంబరు ఉంటే చాలు, కథ అక్కర్లేదు. 134, 187 సెక్షన్ల పేర్లు అందులో రాస్తే తేడా ఉంటుంది. నేరం కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగలిగేది) అయితే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కాకపోతే జనరల్ డైరీలో ఎక్కించిన నంబరైనా అడగాలి. ఫుటేజీ కోర్టుకు వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత కావాలి. ఫోన్‌లో డీవీఆర్ తెరను తీసిన వీడియో పక్కింటాయనను ఒప్పించడానికి సరిపోతుంది, కోర్టుకు సరిపోదు.

బీమా లెక్క

అవతలి బండి దొరకకపోతే డబ్బు రావాల్సింది సొంత బీమా నుంచే. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఏమీ రాదు, అది మన బండి ఇతరులకు చేసిన నష్టానికి. ఇక్కడ ఒక గోతి ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టం భాగం మాత్రం ఏడాదికే తీసుకుని ఉండవచ్చు. ‘మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టేశాం’ అనుకున్న ఓనరు, రెండో ఏట సొట్ట పడ్డాక కాగితం తీసి చూసుకుంటే, సొంత నష్టం పాలసీ ఎప్పుడో ముగిసి ఉంటుంది.

సమగ్ర పాలసీ ఉన్నా బిల్లంతా రాదు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. బంపర్ ప్లాస్టిక్కే. అద్దానికి తరుగు లేదు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి తరుగు పెరుగుతుంది: ఆరు నెలల్లోపు సున్నా, ఒకటి రెండేళ్ల మధ్య 10 శాతం, మూడు నాలుగేళ్ల మధ్య 25 శాతం, అయిదు దాటాక 40, పదేళ్లు దాటితే 50. పెయింటింగ్‌కు ఒకే మొత్తంగా బిల్లు వేస్తే, అందులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కకట్టి దాంట్లో సగం కోస్తారు. ఇవి కాక 1500 సీసీ దాకా ఉన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో రూ.1,000, ఆ పైన రూ.2,000 ఓనరే భరించాలి. సర్వీస్ సెంటర్లలో దీన్ని ‘ఫైల్ చార్జ్’ అనేస్తారు. నిజానికి అది పాలసీలోని నిర్బంధ మినహాయింపు.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ మీద పడుతుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఒకటి నుంచి అయిదేళ్లకు సొంత నష్టం ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గిస్తారు. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తప్పు మనది కాదు, మన కారు నిద్రపోతోంది అన్నా వినరు. అది తప్పు చేయనందుకు ఇచ్చే బోనస్ కాదు, డబ్బు అడగనందుకు ఇచ్చేది.

ఒక ఊహా లెక్క చూద్దాం. బోనస్‌కు ముందు సొంత నష్టం ప్రీమియం ఏటా రూ.8,000, ఓనరు 50 శాతం మెట్టు మీద ఉన్నాడు. బంపర్ రూ.6,000, బిగింపు కూలి రూ.1,500, పెయింటింగ్ రూ.4,000, మొత్తం బిల్లు రూ.11,500. బంపర్‌లో సగం రూ.3,000, రంగు కింద రూ.500, మినహాయింపు రూ.1,000 పోగా కంపెనీ ఇచ్చేది రూ.7,000. ఇప్పుడు బోనస్ సంగతి. వచ్చే ఏడాది రూ.4,000 ఎక్కువ కట్టాలి, ఆ తర్వాతి ఏళ్లలో రూ.2,400, రూ.2,000, రూ.1,200, రూ.400. మొత్తం రూ.10,000. ఏడు వేలు తీసుకోవడానికి పది వేలు చెల్లిస్తున్నట్టు. డోరు, ఫెండర్, వెనక లైటు కలిసి బిల్లు పాతిక, ముప్పై వేలు దాటితే లెక్క తిరగబడుతుంది. జీరో డెప్రిసియేషన్, బోనస్ రక్షణ రైడర్లు ఉన్నవారికి కూడా ఫలితం వేరుగా ఉంటుంది. కాబట్టి కంపెనీకి ఫోన్ చేసే ముందు టింకరింగ్ షాపులో ఒక అంచనా రాయించుకోవడం తెలివైన పని. రంగు చెదరని సొట్టనైతే పెయింటింగ్ లేకుండానే లోపలి నుంచి నెట్టి తీసేవాళ్లు నగరాల్లో ఉన్నారు.

క్లెయిమ్ చేయదలిస్తే ఆలస్యం చేయకూడదు, సర్వేయరు చూడకముందే విప్పించకూడదు. ఎవరికీ గాయం కాని చిన్న దెబ్బలకు సాధారణంగా ఎఫ్‌ఐఆర్ అడగరు. వర్క్‌షాప్‌లో ‘ఎట్లాగూ క్లెయిమ్ వేస్తున్నారు, పాత గీతలు కూడా కలిపేద్దాం సార్’ అనే సలహా వస్తుంది. ఒక్కో సంఘటన ఒక్కో క్లెయిమ్ కిందికి వస్తుంది. కుడి డోరు మీది తుప్పుపట్టిన గీత, ఎడమ బంపర్ మీది నిన్నటి గీత ఒకే రాత్రి పడ్డాయని సర్వేయరును నమ్మించబోతే నిజమైన క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే రెండు తెలుగు రాష్ట్రాలకూ బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు.

దొరికితే

అవతలి బండి దొరికితే దాని థర్డ్ పార్టీ బీమా మన నష్టాన్ని భరించాలి. ప్రైవేటు కారు పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి రూ.7.5 లక్షల వరకు పూచీ ఉంటుంది. ప్రీమియం తగ్గించుకోవడానికి దాన్ని రూ.6,000కే పరిమితం చేసుకున్నవారూ ఉంటారు. కానీ దారి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మీదుగా వెళ్తుంది, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. బంపర్ కోసం వకీలును పెట్టుకునేవారు తక్కువ. ఆచరణలో జరిగేది, ఫుటేజీ చూపించి, పెద్దమనుషుల ముందో ఎస్‌ఐ ముందో కూర్చుని, షాపు అంచనా మీద ఒక మాటకు రావడం. డబ్బు తీసుకుని ‘ఇక ఏ బాకీ లేదు’ అని సంతకం పెట్టాక అదే నష్టానికి సొంత బీమాను అడిగితే గొడవవుతుంది, ఎందుకంటే కారకుడి నుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది, ఆ హక్కును ఆ సంతకం కోసేసింది.

హోటళ్లు, మాల్స్‌లో ‘ఓనర్ రిస్క్’ అని బోర్డు ఉంటుంది. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌లో తాళాలు తీసుకుని వాలెట్ పార్కింగ్ చేసిన మారుతి జెన్ దొంగతనానికి గురైంది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో హోటల్‌దే బాధ్యత అని తేల్చింది. తాళం చెవి చేతికి తీసుకున్నాక, సొంత నిర్లక్ష్యాన్ని బోర్డు వెనక దాచుకోలేరు. మనమే పార్క్ చేసుకుని తాళాలు జేబులో వేసుకున్నప్పుడు ఈ తీర్పు అంత బలంగా పనికిరాదు.

అద్దం మీద చీటీ

విదేశాల్లోని తెలుగువారికి ఇదే సంఘటన మరోలా ఎదురవుతుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్లున్న కాలిఫోర్నియాలో ఓనరు కనిపించకపోతే, కారు మీద కనిపించేచోట పేరు, చిరునామా, జరిగిన సంగతి రాసిన చీటీ పెట్టి, పోలీసులకు తెలపాలి. అలా చేయకపోతే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా. డాలస్ శివార్లలో ఉండేవారికి వర్తించే టెక్సస్ చట్టంలోనూ చీటీ నియమం ఉంది. నష్టం 200 డాలర్లు చేరితే నేరం స్థాయి పెరుగుతుంది. జర్మనీకి చదువుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. అక్కడ వైపర్ కింద చీటీ పెట్టి వెళ్లిపోవడం చాలదు. తగినంత సేపు వేచి ఉండి, ఎవరూ రాకపోతే పోలీసులకు చెప్పాలి. లేదంటే శిక్షాస్మృతి 142వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. దుబాయ్‌లో పోలీసు కాగితం లేనిదే గ్యారేజీ సొట్ట ముట్టుకోదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లిన డ్రైవర్లు ఈ పద్ధతికి అలవాటుపడి, ఇంటికొచ్చాక ఇక్కడి షాపులో ఎవరూ ఏమీ అడగకపోతే విస్తుపోతారు.

మన చట్టంలో చీటీ ప్రస్తావన లేదు. అయితే మన నగరాల్లో వేరే అవసరం కోసం పుట్టిన అలవాటు ఒకటుంది. ఇరుకు సందుల్లో అడ్డంగా పార్క్ చేయక తప్పనివారు, ముందు అద్దం లోపల ‘కారు తీయాలంటే ఫోన్ చేయండి’ అని నంబరు రాసిన అట్టముక్క పెడతారు. తగిలించినవాడికి మనసు ఒప్పకపోతే, రాత్రి పదకొండు గంటలకు ఓనరును వెతుక్కుంటూ అయిదు అంతస్తులూ ఎక్కకుండా అతను చూసేది ఆ అట్టముక్కనే. ఆ నంబరుకు ‘అన్నా, మీ తెల్ల కారేనా?’ అనే ఫోన్లు కూడా అప్పుడప్పుడూ వస్తుంటాయి.